నేలకి తగిలిన కాలు

ఇంటి నుంచి, కుట్టుమిషను పక్కన కూర్చుని

తమ్ముడికి,

ఫోను ఎత్తవు. ఎత్తవని తెలిసీ చేస్తూ ఉండటం నాకూ బాగోలేదు. అందుకే ఉత్తరం. చింపదలుచుకుంటే చదివి చింపు.

నేను బాగానే ఉన్నాను. స్కూలు యూనిఫారాల పని మొదలైంది.

మీ బావ పోయి, చిన్నక్క ఒంటరిదై ఏడాది దాటింది. ఆయన కారు షెడ్డులోనే ఉంది. చిన్నక్క దాన్ని తుక్కుకి ఇచ్చేస్తానంటోంది. పాతసామాన్ల ఆయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, వానలు తగ్గాక లారీ తెస్తానన్నాడు. అది గేటు దాటేలోపు నాకు ఒక సంగతి తెలియాలి. ఆ రోజు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వంతెన మీద కారు ఎందుకు లాగలేదు?

నేను ఆ రోజు కారులో లేను. కుట్టిన బట్టలు అప్పజెప్పి వచ్చేసరికి అంతా అయిపోయింది. "కాస్త ముందు తెచ్చి ఉంటే" అన్నాడట డాక్టరు. "వీడు భయపడి తొక్కలేదు" అంది చిన్నక్క, నలుగురిలో. నువ్వు నోరు మెదపలేదు. మర్నాడు సంచి సర్దుకుని వెళ్లిపోయావు. అప్పటినుంచి ఈ ఇంట్లో ఆ ఒక్క మాటే వింటున్నాను. ఊడుస్తూ అంటుంది, అన్నం వడ్డిస్తూ అంటుంది. నేను జవాబు చెప్పను. తెలియనిదానికి ఏమని చెప్తాను?

మొన్న మెకానిక్కుని పిలిచి కొత్త బ్యాటరీ వేయించాను. స్టార్టయింది. "ఇంజను మంచిదేనండీ, పికప్ లేదు. ముసలి బండి, వదిలెయ్యండి" అన్నాడు. నేనే తీసుకెళ్లాను. బట్టల మూటలేసుకుని డొక్కు వ్యాను తోలిన చెయ్యేగా ఇది. చదునులో బాగానే పోయింది. వంతెన ఎక్కే దగ్గర మొండికేసిన ఎద్దయింది. వెనకవాళ్లు హారన్లు మోగించారు. పైదాకా ఎలాగో పాకించి తిప్పుకొచ్చేశాను.

ఎక్కడ చూడాలో రాయి. నాకు అర్థమయ్యేట్టు రాయి. కుట్టుమిషను విప్పి బిగిస్తాను, ఇదీ చేస్తాను.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

పెద్దక్క


గోదాము వెనక గది నుంచి

పెద్దక్కకి,

చింపలేదు. చింపడానికి కూడా ఓపిక కావాలి. పొద్దుటినుంచి బస్తాలు మోసి ఉన్నాను.

ఎందుకు లాగలేదో ఇప్పుడు తెలిసి ఏం ఒరుగుతుంది? బావ లేచొస్తాడా? పోనీ తుక్కుకి. లారీలో చోటుంటే నన్నూ పడేయమను. ఇద్దర్నీ ఒకే కాటాలో తూయొచ్చు.

ఇక్కడి లారీ డ్రైవర్లు నాకో పేరు పెట్టారు. నడకమనిషి. బండి కాస్త వెనక్కి తియ్యమన్నా తియ్యను కదా, అందుకు. "లైసెన్సు ఉందా నీకు?" అంటే ఉందంటాను. "మరి ఏం రోగం?" అంటే నవ్వుతాను. ఏ రోగమో నాకూ తెలిస్తే బాగుండును.

నేను తొక్కానక్కా. కాలు నేలకి తగిలింది. నేలకి తగిలాక ఇంకెవడైనా ఎక్కడికి తొక్కుతాడు? ఆ రోజు ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. ఇప్పుడు తెలియదు. ఒకటే మాట మనిషి మీద పడుతూ ఉంటే కాలు కూడా అబద్ధం చెప్తుంది. వెనక సీట్లో బావ మూలుగుతున్నాడు. చిన్నక్క "తొక్కరా, తొక్కరా" అని అరుస్తోంది. ఎదురుగా బస్సు. ఏమో, నిజంగానే బిగుసుకుపోయానేమో. తొక్కాననుకుని తొక్కలేదేమో. పడుకున్నా కుడికాలు మంచం పట్టెని తంతూ ఉంటుంది.

సరే, అడిగావు కాబట్టి. ముందు బ్రేకు పట్టేస్తోందేమో చూడు. చదునులో గేరు తీసేసి తోస్తే కదలాలి. కాస్త దూరం నడిపాక చక్రాల మధ్యన చెయ్యి దగ్గరగా పెట్టు. ఏదో ఒక్కటి మిగతావాటికంటే మరీ కాలుతుంటే అది పట్టేసినట్టు. తర్వాత క్లచ్చి. ఎత్తులో ఇంజను కీచుమని అరుస్తూ బండి మాత్రం కదలకపోతే క్లచ్చి అరిగిందని. ఈ రెండూ చూసి రాయి. రాయకపోయినా ఫరవాలేదు.

తమ్ముడు


ఇంటి నుంచి

బుల్లోడికి,

షెడ్డు నుంచి గేటుదాకా ఒక్కదాన్నే తోశాను. కదిలింది. ఎదురింటాయన గోడ మీంచి చూసి, "ఏమ్మా, పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు. "వయసు అయిపోయిందండీ" అన్నాను. ఎవరిదో చెప్పలేదు.

చక్రాలు నాలుగూ ఒకేలా ఉన్నాయి. బ్రేకు కాదు. ఎత్తులో ఇంజను కీచుమనడం లేదు. గొంతులో మాట ఉండీ పైకి రానట్టు ఉంటుంది. క్లచ్చి కూడా కాదనుకుంటాను. నిలబెట్టి తొక్కితే మాత్రం ఏ జబ్బూ లేనట్టు గట్టిగానే పలుకుతుంది.

చిన్నక్క వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉంది. లోపలికి వచ్చాక అంది:

"ఆ శవాన్ని ఎందుకు కెలుకుతావు అక్కా?"

"ఎందుకు చచ్చిందో చూద్దామని."

"చంపినవాడు ఎవడో తెలుసు కదా, ఇంకేం చూడటం?"

"తెలిసినట్టుంటే చూసేదాన్ని కాదు."

గిన్నెలన్నీ మళ్లీ కడిగింది. కడిగినవే.

మంచం పట్టెని తన్నకు. నొప్పి కాలికే. తర్వాత ఏం చూడాలో రాయి. రాయకపోయినా ఫరవాలేదని నేను అనను.

దేవుడు నీ నిద్ర నీకు ఇవ్వాలి.

పెద్దక్క


గోదాము వెనక గది నుంచి

అక్కా,

గొంతులో మాట ఉండీ పైకి రానట్టు అని రాశావు చూడు, ఏ మెకానిక్కూ అంత బాగా చెప్పడు. ఇంజనుకి ఊపిరైనా అందడం లేదు, తిండైనా అందడం లేదు, లేదా వదిలే దారి మూసుకుపోయింది. నీకు బొమ్మ వేసి పంపుతున్నాను.

బానెట్ ఎత్తగానే పళ్లెంలా గుండ్రంగా ఉన్నది గాలి ఫిల్టరు. తీసి వెలుతురుకి అడ్డం పెట్టు. వెలుతురు కనపడకపోతే మార్చు. పెట్రోలు పైపు మధ్యలో గాజుబుడ్డిలాంటిది పెట్రోలు ఫిల్టరు. నల్లగా ఉంటే మార్చు, అడక్కు. ప్లగ్గులు విప్పి మూతులు చూడు. ఇటుకరంగు అయితే ఆరోగ్యం. మసి పట్టి ఉంటే తిండి ఎక్కువ, తెల్లగా పాలిపోయి ఉంటే తక్కువ. వరస మార్చకు, ఏ తీగ దానికే. ఆఖరున సైలెన్సరు దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి ఎవరినైనా కాస్త తొక్కమను. గాలి ధాటిగా తగలాలి. బుసకొడుతున్నట్టుంటే లోపల మూసుకుపోయిందని.

రాస్తుంటే చేతులు దురద పెడుతున్నాయి. ఇవాళ ఒక లారీ బానెట్ ఎత్తి ఉంటే దూరంగా నిలబడి చూశాను. అంతే. చూశానంతే.

ఆ కారంటే బావకి ఎంత ప్రాణమో నీకు తెలుసుగా. అప్పుడప్పుడు నేను తీసుకెళ్లి తెచ్చేవాణ్ని. వచ్చాక బానెట్ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమన్నట్టు తీసేవాడు. "ఒరేయ్, నువ్వు తొక్కితే కాలేది పెట్రోలు కాదురా, నా రక్తం" అని నవ్వేవాడు. ఒక్కనాడూ కసురుకోలేదు. నాన్న లేని నాకు తన వడ్రంగంలో ఉలి పట్టడం నేర్పాడు. నాకు ఉలి రాలేదు, స్టీరింగు వచ్చింది. దానికీ నవ్వాడు. టాక్సీ కొన్నాక ఆ కారు జోలికే పోలేదు. ఆ ఒక్కరోజూ నా టాక్సీ సర్వీసులో ఉండబట్టి ముట్టుకున్నాను.

ఇక్కడ గోడకి ఆయన ఫోటో పెట్టుకున్నాను. పనికి వెళ్లేముందు రోజూ క్షమించమంటాను. దేనికో సరిగ్గా తెలియకుండానే.

తమ్ముడు


ఇంటి నుంచి, వాన చూస్తూ

బుల్లోడికి,

నీ బొమ్మ మిషను మీద అంటించాను. బొత్తాలు కొలిచే చేతులతో ప్లగ్గులు విప్పాను. గోళ్లలో నలుపు పోవడం లేదు. ప్రార్థనకి కూర్చుంటే వేళ్లకి పెట్రోలు వాసన. మీ బావ చేసిచ్చిన ఆ పీట మీదే కూర్చుంటానుగా, ఆయన కారు కోసమే కదా అనుకున్నాను. దేవుడు ఏమీ అనుకోడు.

గాలి ఫిల్టరులోంచి వెలుతురు రాలేదు. మార్చాను. పెట్రోలు ఫిల్టరు కాస్త ముదురుగా ఉంది. అడక్కుండా మార్చాను. ప్లగ్గులు ఇటుకరంగే. సైలెన్సరు దగ్గర ఎదురింటాయన తొక్కితే నేను చెయ్యి పెట్టాను. గాలి బాగా తగిలింది. ఆయన దిగుతూ, "బాగానే ఉందమ్మా, ఇంకేం వెతుకుతున్నారు?" అన్నాడు. "మా తమ్ముడి కాలు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

వంతెనకి తీసుకెళ్లాను. ఒక నలుసంత నయం. అంతకుమించి లేదు. ఎంత తొక్కినా అంతే, ఇంక లేదంటుంది.

నాకూ కాలు నేలకే తగిలింది తమ్ముడూ. నేను భయపడలేదు. వెనక ఎవరూ అరవలేదు. అయినా అంతే. ఇది నీకు వెంటనే రాయాలనిపించింది.

దేవుడు నీకు ధైర్యం ఇవ్వాలి.

పెద్దక్క


గోదాము వెనక గది నుంచి

అక్కా,

నీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్క ఎన్నిసార్లు చదివానో చెప్పను. నీకూ నేలకే తగిలిందా. నిజంగానా. నీ కాలూ నా కాలూ ఒకటే తప్పు చెయ్యవు కదా.

నా బుద్ధి గడ్డి తిన్నది. మొదట చూడాల్సినది ఆఖరుకి తట్టింది. కాలు నేలకి తగిలింది కదా, ఇంజనుదాకా అందే ఉంటుందిలే అనుకుని దాటేశాను.

గాలి ఫిల్టరు తీశాక కింద కార్బరేటరు. దాని పక్కన ఒక చిన్న మీట. యాక్సిలరేటరు కేబులు వచ్చి దానికే తగులుకుంటుంది. ఎవరైనా లోపల కూర్చుని పూర్తిగా తొక్కితే ఆ మీట చివరిదాకా తిరిగి, ముందున్న మేకుకి ఆనాలి. తర్వాత నువ్వు వేలితో లాగి చూడు. కాలుతో ఎంత తిరిగిందో వేలితోనూ అంతే తిరిగితే సరే. వేలితో ఇంకా తిరిగితే, లోపల తొక్కింది ఇంజనుదాకా రావడం లేదని అర్థం. బండి నిలిపి ఉన్నప్పుడు సగం తెరిచినా ఇంజను గట్టిగానే అరుస్తుంది. మనం అక్కడే మోసపోయాం. బరువు పడినప్పుడే తేడా తెలిసేది.

ఎదురింటాయన్ని అడగకు. చిన్నక్కని అడుగు. డ్రైవరు సీట్లో కూర్చుని తొక్కమను. తొక్కడం అంటే ఏమిటో నాకు ఏడాదిగా నేర్పుతోందిగా, ఒక్కసారి తనూ తొక్కి చూపించమను.

కోపంగా రాశాను. కొట్టెయ్యను. అలాగే ఉండనీ.

తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడికి,

చిన్నక్కని అడిగాను. ఆ సీట్లో కూర్చోనంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె పెడలు మీద పెట్టి నేనే చూశాను. కేబులు వదులైంది. బిగించాను. ఇప్పుడు లాగుతోంది. వంతెన ఎక్కింది.

నీ కాలి తప్పేమీ లేదు. కేబులుది. పాత బండికి అలాంటివి మామూలే. ఎవరి తప్పూ కాదు.

ఇక దాన్ని వదిలెయ్యి. టాక్సీ పని మళ్లీ మొదలుపెట్టు.

పెద్దక్క


గోదాము వెనక గది నుంచి

పెద్దక్కా,

నీ ఉత్తరం రాగానే గోదాములో అందరికీ టీ తాగించాను. లారీ ఒకటి వెనక్కి తీసి గోడ పక్కన పెట్టాను. కాలు తడబడలేదు. "నడకమనిషి పరుగు అందుకున్నాడోయ్" అని ఈలలు వేశారు.

తర్వాత గదికొచ్చి మళ్లీ చదివాను.

అక్కా, కేబులు వదులైతే పెడలు ముందు కాస్త ఉత్తినే దిగుతుంది. తొక్కిన తర్వాత గానీ ఇంజను పలకదు. ఆ రోజు నేను పాదం ఆనించగానే పలికింది. వెంట్రుకంత ఖాళీ లేదు. నువ్వు నడిపినప్పుడూ లేదు, ఉంటే రాసేదానివి. గోళ్లలో నలుపు సంగతి కూడా రాశావు. నువ్వు బిగించిన నట్టు ఎక్కడుందో, ఏ పానాతో బిగించావో రాయలేదు.

ఇంకొకటి. నువ్వు నాకు ఎప్పుడు రాసినా ఆఖరున దేవుడి మాట ఉంటుంది. నేను పదో క్లాసు తప్పినప్పుడు తిడుతూ రాసినదానిలోనూ ఉంది. ఈ ఉత్తరంలో లేదు. అబద్ధం కింద ఆయన పేరు రాయలేకపోయావు. అవునా?

ఎవరిని కాపాడుతున్నావు? నన్నయితే వద్దు. కాపాడేందుకు ఏం మిగిలింది? చెప్పు. ఏం కనపడింది?

తమ్ముడు


ఇంటి నుంచి

నాన్నా బుల్లోడూ,

అవును. రాయలేకపోయాను.

జరిగింది రాస్తాను. కూర్చుని చదువు.

ఇస్త్రీపెట్టె పెడలు మీద పెట్టి వచ్చి చూస్తే మీట సగందాకే తిరిగింది. మిగతా సగం నా వేలితో తిరిగింది, హాయిగా. కేబులు బిగుతుగానే ఉంది. మళ్లీ లోపలికి వెళ్లాను. పెడలు నేలకి ఆనే ఉంది. నేల ఎందుకు అంత ఎత్తుగా ఉందని అప్పుడు అనిపించింది. కుట్టేవాళ్లకి మడత కింద మడత ఉంటే చేతికి తెలుస్తుంది. చాప ఎత్తాను.

పెడలు కింద ఒక చెక్క ఉంది. నేలకి మరలతో బిగించి ఉంది. అరచేతిలో పట్టేంత ముక్క. అంచులు గీసి నున్నగా చేసి ఉన్నాయి. పైభాగం గుండ్రంగా, పాదానికి ఒత్తుకోకుండా. మరల తలలు లోపలికి దిగేలా గుంటలు. పైన చాప వేస్తే నేలే అనిపించేట్టు. ఎవరి పనితనమో నీకు చెప్పక్కర్లేదు. చెక్క కూడా గుర్తుపట్టాను. నా పీట చేయగా మిగిలిన ముక్క. రోజూ నా మోకాలి కింద కనిపించే గీతలే దాని మీదా ఉన్నాయి.

మరలు విప్పడానికి నా మిషను స్క్రూడ్రైవరు చాలలేదు. మీ బావ పనిముట్ల పెట్టెకి తాళం. తాళంచెవి చిన్నక్క దగ్గర. అడిగాను. కొంగుముడి విప్పి ఇచ్చింది. ఎందుకని అడగలేదు. ఏడాదిగా ఎవరినీ ముట్టుకోనివ్వని పెట్టె అది.

విప్పాను. కారు వంతెన మీదికి పరిగెత్తింది. ఆ మాట మాత్రం నిజమే రాశాను.

తిరిగొచ్చి చెక్కని భోజనాల బల్ల మీద పెట్టాను. చిన్నక్క అన్నం గిన్నె తెచ్చింది. చూసింది. చెక్కని పక్కకి జరిపి గిన్నె పెట్టింది. వడ్డించింది. కూర్చుంది. ఇదేమిటి అని అడగలేదు తమ్ముడూ. తిన్నంతసేపూ అడగలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లి పడుకుంది. ఆ రోజునుంచి నీ మాట ఎత్తడం మానేసింది.

అందుకే నీకు కేబులని రాశాను. నిజం రాస్తే నీ గోడ మీద ఫోటో పోతుంది, ఇక్కడ చెల్లెలు పోతుంది అనుకున్నాను. లెక్క సరిగ్గా వేయలేదు. నిన్ను లెక్కలో వేసుకోవడం మరిచాను.

దేవుడు మనల్ని ముగ్గురినీ చూడాలి.

పెద్దక్క


గోదాము వెనక గది నుంచి

పెద్దక్కకి,

ఫోటో తీశాను. చింపలేదు. గోడవైపు తిప్పి పెట్టాను.

నా కాలికి కళ్లెం వేశాడు. నవ్వుతూ వేశాడు. "ఒరేయ్, నా కారు మెల్లగా తోలు" అని ఒక్కమాట నోటితో అని ఉంటే చచ్చేవాణ్నా? కాళ్లకి మొక్కి తాళాలు ఇచ్చేసేవాణ్ని. అనలేదు. చెక్క కోసి, గరుకు కాగితంతో రుద్ది, నా పాదం నొప్పెట్టకుండా గుండ్రం చేసి మరీ బిగించాడు. ఎంత ప్రేమ! ఆ ప్రేమతోనే పోయాడు.

ఆయన సంగతి పోనీ. ఆయనకి ఫలితం దక్కింది. చిన్నక్కకి తెలుసన్నమాట. తెలిసి, వెనక సీట్లో కూర్చుని, "తొక్కరా" అంది. తెలిసి నలుగురిలో నన్ను పిరికివాణ్ని చేసింది. నేను ఏడాది మంచం పట్టెని తన్నుకున్నాను. నా టాక్సీ అమ్ముకున్నాను. నాకు పిల్లనిస్తామన్నవాళ్లు "ఆ కుర్రాడా, చెయ్యి తడబడే డ్రైవరట" అని వెనక్కి పోయారు.

నలుగురిలో అంది కదా. నలుగురినీ పిలువు. చెక్కని మధ్యలో పెట్టు. ఆమె చేతే చెప్పించు. అది చెయ్యగలిగితే నాకు రాయి. ఓదార్పు అయితే రాయకు. నీ ఓదార్పు కూడా నున్నగా గీసిన చెక్కే.

తమ్ముడు


ఇంటి నుంచి, వానలు తగ్గాక

తమ్ముడూ,

నీ ఆఖరి మాట నాకు తగిలింది. తగలాల్సిందే.

నలుగురినీ పిలవలేదు. ఎందుకో రాస్తాను.

పాతసామాన్ల ఆయన కబురు పెట్టాడు, రేపు లారీ వస్తుందని. చిన్నక్క పొద్దున్నే వచ్చి నా మిషను పక్కన నిలబడింది. నేను కుడుతూనే ఉన్నాను.

"రేపు ఇచ్చేస్తున్నాం కదా. ఒక్కసారి వంతెన ఎక్కిస్తావా అక్కా?"

"ఎక్కు."

ముందు కూర్చుంటుందనుకున్నాను. వెనక తలుపు తీసుకుంది. ఆ రోజు మీ బావ తలని ఒళ్లో పెట్టుకున్న చోటే కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. అద్దంలో నాకు ఆమె నుదురు మాత్రం కనిపించింది.

వంతెన మొదట్లో గేరు మార్చి తొక్కాను. నువ్వు చూసి ఉండాల్సింది. ముసలి బండి అనేవాళ్లెవరు దాన్ని! ముందున్న బస్సుని దాటింది. ఊపిరి బిగబట్టి వదిలేలోపు పైన ఉన్నాం. అవతలికి దిగి, మలుపు తిరిగి, ఆసుపత్రి గేటు ముందు ఆపాను.

చిన్నక్క గేటు వంక చూసింది. వెనక్కి తిరిగి వంతెన వంక చూసింది.

"ఇంతేనా?" అంది.

నేను ఇంజను కట్టేశాను.

"ఇంతే దూరమా అక్కా? ఆ రోజు ఎంతకీ రాలేదు."

తర్వాత తనే చెప్పింది. ఆపకుండా, నా వంక చూడకుండా. చెక్క బిగించిన రోజే మీ బావ ఆమెకి చెప్పాడట. "మీవాడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు. నేను మెల్లగా తోలేవాణ్ని, నాకు సగం చాలు" అన్నాడట. ఇద్దరూ నవ్వుకున్నారట.

"గుర్తు రాలేదక్కా. తొక్కు తొక్కు అని అరుస్తున్నాను గానీ, కింద చెక్క ఉందని గుర్తు రాలేదు. ఒక్కమాట అంటే వాడు చాప లాగి, ఎలాగోలా పీకి పారేసేవాడు. డాక్టరు 'కాస్త ముందు' అన్నాడు చూడు, అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నోట్లోంచి ఆ మాట పూర్తిగా రాకుండానే గుర్తొచ్చింది."

"మరి తమ్ముణ్ని ఎందుకన్నావు?"

మళ్లీ గేటు వైపు తిరిగింది.

"ఎవరో ఒకరు తొక్కకపోయి ఉండాలి కదా" అంది.

నేను ఆమెని దగ్గరికి తీసుకోలేదు. స్టీరింగు మీద చేతులు ఉంచుకునే కూర్చున్నాను. నా చెల్లెలే. కానీ చెయ్యి వెనక్కి వెళ్లలేదు. దేవుణ్ని అడిగి చూశాను, అప్పుడూ వెళ్లలేదు.

ఇంటికొచ్చాక దిగుతూ తలుపు పట్టుకుని నిలబడింది.

"వాడికి రాయకు అక్కా. వాడు నన్ను అసహ్యించుకుంటే నాకు ఇంకెవరున్నారు?"

వాడికి ఎవరున్నారని అడగలేదు. తల ఊపాను.

నలుగురినీ పిలిస్తే ఆమె అందరి ముందూ మళ్లీ ఇంకో మాట చెప్తుంది. నాకు తెలుసు. అందుకే పిలవలేదు. ఆమె నాతో ఒంటరిగా అన్నది అన్నట్టు పైన రాశాను. నా చేతిరాత మన వాళ్లందరికీ తెలుసు. నేను ఊరికే రాయనని కూడా తెలుసు. ఈ కాగితం నీది. ఎవరికి చూపిస్తావో, చూపించవో నీ ఇష్టం. చూపిస్తే నన్ను అడగక్కర్లేదు. చూపించకపోతే నన్ను మెప్పించడానికి మాత్రం వద్దు.

చెక్క నా దగ్గరుంది. దాన్ని రేపు కారుతో పంపను. పీట ఇవాళ అటకెక్కించాను. ప్రార్థనకి నేల మీద కూర్చున్నాను. నేల చల్లగా ఉంది, కానీ అది నేలే.

తల ఊపి మాట తప్పానని దేవుడికి ముందు చెప్పుకుని, తర్వాతే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆయన నిన్ను చల్లగా చూడాలి. మమ్మల్ని ఎలా చూస్తాడో ఆయన ఇష్టం.

పెద్దక్క